పింఛనా, గాజుల కొట్టా?

పెళ్లయి ఉన్న నాలుగేళ్లూ నేను బొట్టు పెట్టుకోలేదు. మొగుడు పోయాక పెట్టుకున్నాను.

ఇది విని కొందరు నవ్వుతారు, కొందరు తిడతారు. మా ఊళ్లో రెండూ చేశారు. మా నాన్న ఖమ్మంలో చర్చా సభలు నడిపిన మనిషి. ఆడదాని నుదురు ఎవరి జాగీరూ కాదని నేను పలక పట్టకముందే నేర్చుకున్నాను. మాది రిజిస్ట్రారు ఆఫీసులో రెండు దండలతో అయిపోయిన పెళ్లి. మా ఆయన కూడా అదే బాపతు. విషజ్వరం వచ్చి ఆయన పోయినప్పుడు, నా బొట్టు తుడిచి గాజులు తీయించడానికి వచ్చిన ఆడవాళ్లకు తుడవడానికి బొట్టు లేదు, తీయడానికి గాజు లేదు. పాపం, పని లేక కాసేపు కూర్చుని, టీ తాగి వెళ్లిపోయారు. వాళ్లు అటు పోగానే నేను అద్దం ముందు నిలబడి ఎర్రటి బొట్టుబిళ్ల ఒకటి అంటించుకున్నాను. పెట్టుకోమన్నప్పుడు మానెయ్యడం ఎంత స్వేచ్ఛో, తీసెయ్యమన్నప్పుడు పెట్టుకోవడమూ అంతే స్వేచ్ఛ. ఇందులో తర్కం నాకు పగటి వెలుగులా కనిపించింది.

మా అత్తకు కనిపించలేదు. "నీ తర్కం సల్లగుండ. ఉన్నప్పుడు పెట్టకపోతివి, పోయినంక పెడ్తివి. వానికి పైన సుత ఏం సమజ్ గాదు" అంది.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొద్ది ఏళ్లే అయింది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే దారిలో, ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి ఉన్న ఊరు మాది. ఇంట్లో మేం ముగ్గురం: నేను, మా అత్త, మూడేళ్ల మా పాప. అత్త కూడా వయసులోనే మొగుణ్ని పోగొట్టుకుని, ఒక్క కొడుకును అడవిలో బీడీల తునికాకు ఏరి పెంచిన మనిషి. ఉన్న కాస్త చెలక కౌలుకిచ్చాం. సర్కారు వైపు నుంచి మాకు రెండు ఆసరాలు: బియ్యం కార్డు, నా వితంతు పింఛను.

ఆ రోజుల్లో పింఛను అంటే ఊరికిన్ని, ఇంటికి ఒక్కటే అని లెక్క. ఒకరు పోతే తప్ప ఇంకొకరికి రాదు. నా పేరు ఎక్కడానికి మా వీధి చివర ఒక తాత కన్ను మూయాల్సి వచ్చింది. ఆయన పోయిన వారంలోనే నాకు పింఛను మంజూరైంది. ఆయన దినాలకు మా అత్త ఒక కుంచెడు బియ్యం పంపించింది. ఎందుకని అడిగితే, "జాగ ఇడిసిపెట్టిండు గద" అంది. పింఛను కోసం దరఖాస్తు పెట్టుకున్న ముసలివాళ్లు ఒకరి దగ్గు ఒకరు ఎంత శ్రద్ధగా వినేవారో నేను కళ్లారా చూశాను. ఇది ఏ సంఘసంస్కర్తా ఊహించని సంక్షేమం.

మొదటిసారి పింఛను తీసుకోవడానికి పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా నా పేరు పిలిచి, నన్ను చూసి, నా వెనక్కి చూశాడు.

"వితంతువు రాలేదా?"

"నేనే."

"బొట్టున్నది గద?" అన్నాడు ఆశ్చర్యంగా.

నాకు అంతే చాలు. బొట్టుకూ మొగుడికీ ఏ సంబంధమూ లేదని, ఉంటే పెళ్లి కాని పిల్లలు ఎందుకు పెట్టుకుంటున్నారని, మగవాడు భార్య పోతే మీసం తీసేస్తున్నాడా అని మొదలుపెట్టాను. మీసం దగ్గరికి వచ్చేసరికి వరుసలో వెనక నుంచి గోల లేచింది.

"ఓ అమ్మా, నీ పాఠం అయినంక మాకు పైసలిస్తరా? ఎండ మండుతాంది!"

"మాకు సమజైంది తియ్యి, సంతకం పెట్టి జరుగు!"

నా వెనకే నిలబడ్డ కోయ ఆమె మాత్రం నింపాదిగా అంది. "మా దాంట్ల గిదంత లేదక్కా. మొగుడు పోతే ఏడుస్తం. మళ్ల మనసైతే ఇంకో ఇంటికి పోతం. నుదుటి మీద ఏమున్నదని ఎవరు చూస్తరు?"

ఆమెతో ఏకీభవిస్తూ ఇంకో నాలుగు మాటలు చెప్పబోయాను. ఈలోపు మా అత్త ముందుకొచ్చి, నా నుదుటి మీది బిళ్లను గోటితో గీకి తీసి, పారేస్తే దండగని తన సంచికి అంటించుకుంది. "ఇగ సూడు, వితంతువు వచ్చింది" అంది గుమాస్తాతో. అతను డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. అప్పట్నుంచి ప్రతి నెలా అదే తంతు. ఆఫీసు గడప దగ్గర అత్త నా బొట్టు తీసేది. బయటికి వచ్చాక నేను ఆమె సంచి మీంచి తీసి మళ్లీ పెట్టుకునేదాన్ని. అర్థం లేని వస్తువును ఏ కారణానికైనా తియ్యొచ్చు, ఏ కారణానికైనా పెట్టుకోవచ్చు అని నాకు నేనే ఒక సూత్రం చెప్పుకున్నాను. సూత్రం లేకుండా నేను ఏ పనీ చెయ్యలేను.

గాజుల కొట్టు సంగతి ఆ తర్వాత వచ్చింది.

భద్రాచలంలో గుడికి పోయే దారిలో ఒక ముస్లిం కుటుంబం తరాలుగా గాజులు అమ్ముతోంది. కొట్టు నడిపే పెద్దావిడను అందరూ గాజుల బీబీ అంటారు. మా పాపకు గాజులు వేయిద్దామని వెళ్లాను. బీబీ పాప చెయ్యి పట్టుకుని వేళ్ల కణుపులు నొక్కగానే పాప ఆరున్నొక్క రాగం అందుకుంది. నేను పాపకు కథ చెప్పడం మొదలుపెట్టాను. దేవుడు లేడు గానీ ఉడుత ఉంది అనే కథ. పాప వింటూ ఉండిపోయింది, గాజులు ఎక్కేశాయి. బీబీ నన్ను ఎగాదిగా చూసింది.

"నీకు మాటున్నది బేటీ. గాజు తొడుగుడంటే చేతి పని కాదు, మాట పని. నొప్పి తెల్వకుండ మాటల్ల పెట్టాలె. నా కోడలు ఉన్నది, నోట్ల బెల్లం ముక్క పెట్టినా మాట్లాడది. పనికి వస్తవా?"

జీతం చెప్పింది. పింఛనుకు ఎన్నో రెట్లు. కానీ ఒక షరతు పెట్టింది.

"బొట్టు పెట్టుకోవాలె. మోచేతి దాక గాజులు ఏసుకోవాలె. నేను పెట్టుకోను, మాకు లేదు. నువ్వు పెట్టుకోవాలె. పెళ్లిళ్లకు, శ్రీమంతాలకు కొనటానికొస్తరు. ఒట్టి చేతులు చూస్తే గిరాకీ ఎనక్కి పోతది."

"నాకు భర్త లేడు" అన్నాను, ఆమెను మోసం చెయ్యడం ఇష్టం లేక.

"నాకు సుత లేడు. గాజుకు ఎర్కనా?" అంది బీబీ.

ఇంత మంచి హేతువాద వాక్యం నేను ఖమ్మం సభల్లో కూడా వినలేదు. అయితే పరిస్థితి చూడండి. సర్కారు నాకు డబ్బు ఇవ్వాలంటే బొట్టు తీసెయ్యాలి. కొట్టు నాకు డబ్బు ఇవ్వాలంటే బొట్టు పెట్టుకోవాలి. ఈ రెండింటి మధ్యా బొట్టుకు అర్థమే లేదని నమ్మే నేను.

అసలు చిక్కు బొట్టు కూడా కాదు. పొద్దున్నే జీపెక్కి భద్రాచలం పోయి పొద్దుగూకే వేళకు వస్తే, మా పాపను ఎవరు చూడాలి? అత్త చూడాలి. అత్త చూడనంటే నా ఉద్యోగం లేదు. కొట్లోకి పిల్లను తెస్తే అద్దాల్లాంటి సరుకు మధ్య ఒక్క పూటలో దివాలా అని బీబీ ముందే చెప్పేసింది.

అత్త నెల రోజులు చూస్తానంది. ఆ తర్వాతి మాట తర్వాత అంది. నేను పనిలో చేరాను.

పని నాకు నచ్చింది. సిగ్గుపడకుండా చెప్తున్నాను, నచ్చింది. యాత్రికుల చేతులు నా చేతిలోకి వచ్చేవి. కొన్ని చేతులు పిండిముద్దల్లా మెత్తగా, కొన్ని కలుపు తీసి తీసి కొయ్యలా. నొప్పి మరిపించడానికి బీబీ కోడలు ఏమీ మాట్లాడేది కాదు. నేను గ్రహణాల గురించి, బాబాల గురించి, మొక్కుల గురించి ఉపన్యాసం ఇచ్చేదాన్ని. వాళ్లు నాతో వాదనకు దిగేవాళ్లు. కోపంలో ఉన్న మనిషికి కణుపు నొప్పి తెలియదు. "దేవుని ఊళ్లె కూసోని గిదేం మాటలమ్మా!" అని నన్ను తిడుతూనే రెండు డజన్లు వేయించుకుని పోయేవాళ్లు. అమ్మకాలు పెరిగాయి. మూఢనమ్మకాల ఖండన వల్ల గాజులు అమ్ముడుపోవడం నా జీవితంలో నేను సాధించిన ఒకే ఒక్క సాంఘిక ఫలితం.

ఇంటి దగ్గర మాత్రం తుఫాను తయారవుతోంది.

మా ఎదురింట్లో ఒక ముసలామె ఉండేది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మా అత్తకూ ఆమెకూ యవ్వనంలో ఒక ఇప్పచెట్టు దగ్గర తగాదా వచ్చింది. మా వైపు ఎండాకాలం ముందు అడవిలో ఇప్పపువ్వు ఏరడానికి ఏ కుటుంబానికి ఏ చెట్టో ఎప్పట్నుంచో మాట ఉంటుంది. ఆ చెట్టు మాదంటే మాదని ఇద్దరూ కొంగులు పట్టుకున్నారట. ఆ చెట్టు ఎప్పుడో పడిపోయింది, తగాదా మాత్రం పచ్చగా ఉంది. పింఛను దరఖాస్తుల్లో నా తర్వాతి పేరు సరిగ్గా ఈ పెద్దమ్మదే.

నేను పనికి పోవడం మొదలైన వారానికి, కొలువు చేసేవాళ్లకు పింఛను తీసేస్తారట, కార్డు కూడా గుంజుకుంటారట అని ఊళ్లో మాట పుట్టింది. ఎవరు పుట్టించారో చెప్పక్కర్లేదు. గుమాస్తానే అడుగుతానంటే మా అత్త నా నోరు మూసింది. "అడిగితే యాదికొస్తది. యాదికొస్తే తీసేస్తడు" అంది. ప్రతి నమ్మకానికీ రుజువు అడిగే నేను ఈ మాటకు రుజువు అడగకుండా ఊరుకున్నాను. బియ్యం మీద భయం మతం మీద భయం కంటే గట్టిది.

"పిల్లా, సాలు. మానెయ్యి" అంది అత్త. "కొట్టు ఇయ్యాల ఉంటది, రేపు ఉండది. సర్కారు ఎక్కడికి పోతది? ఇంట్ల ఉండు, పిల్లను సూసుకో, పింఛను తిను. నీకు కూసుంటే పైసలిచ్చే తిక్కలోడు సర్కారొక్కడే."

"కూర్చుంటే కాదత్తా, పాపను పెంచుతున్నా కదా."

"పెంచుడు పనేంది? అందరు పెంచుతలేరా?"

ఇక్కడ నాకు నిజంగా మండింది. సర్కారు నాకు డబ్బు ఇచ్చేది తండ్రి లేని పిల్లను పెంచుతున్నందుకు కాదు. మొగుడు లేకుండా ఉన్నందుకు. ఆ పని నేను ఒక రోజు కూడా నాగా లేకుండా చేస్తున్నాను, నిద్రలో కూడా చేస్తున్నాను. పాపకు నీళ్లు పొయ్యడం, పాప జ్వరానికి మేలుకోవడం, పాప అడిగే ప్రశ్నలకు జవాబులు వెతకడం, వీటికి ఏ ఖజానాలోనూ పద్దు లేదు. రేపు నేను పాపను గోదాట్లో తోసేసినా, మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు, సర్కారు దృష్టిలో నేను చక్కగా పనిచేస్తున్న ఉద్యోగినే.

ఎదురింటి పెద్దమ్మ మాత్రం ఉన్నట్టుండి మహిళా హక్కుల వైపు తిరిగింది. జీవితమంతా కోడళ్లను గడప దాటనివ్వని మనిషి, పొద్దున్నే నేను జీపు కోసం నిలబడితే చెంబు పట్టుకుని వచ్చేది.

"పో బిడ్డా, కొలువుకు పో. ఆడిది తన కాళ్ల మీద తను నిలవడాలె. సర్కారు బిచ్చం ఎందుకు నీకు? సదువుకున్నదానివి. పింఛను ఇడిసిపెట్టు, ఇజ్జత్ తోని బతుకు. పిల్లనా? నేను లేనా? నేను సూసుకుంట."

"నీ ఇంట్లె కోళ్లే ఉండయి వదినె, మా పిల్లను సూస్తవా?" అని మా అత్త అరుగు మీంచి కేకేసేది.

"నా కోళ్లు నీ పోరు పడలేక పోయినయి వదినె!"

మా పాపకు ఈ పోరులో తనదైన పాత్ర ఉంది. కొట్టు నుంచి నేను తెచ్చే బొట్టుబిళ్లల అట్టలు దానికి ఆటవస్తువులు. మేకకు పెట్టేది, కుండకు పెట్టేది. ఒక మధ్యాహ్నం నిద్రపోతున్న మా అత్తకు కూడా పెట్టింది. అత్త లేచి చూసుకోకుండా బియ్యం తేవడానికి చౌక దుకాణానికి పోయింది. వయసులోనే మొగుణ్ని పోగొట్టుకున్న మనిషి, నడి వీధిలో, నుదుట మెరుపుల బొట్టుతో. చూసినవాళ్లు పక్కకు తప్పుకున్నారు. చివరికి పెద్దమ్మే ఎదురొచ్చింది.

"ఏంది వదినె, కోడలికి కొట్టు దొరికింది, నీకు మొగుడు దొరికిండా?"

అత్త ఇంటికి వచ్చి అద్దం చూసుకుంది. తిడుతుందనుకుని పాప మంచం కిందికి దూరింది. అత్త చాలాసేపు అద్దం దగ్గరే ఉంది. తర్వాత బిళ్ల తీసి అట్టకు జాగ్రత్తగా అంటించింది.  పాపను బయటికి లాగి అన్నం పెట్టింది.

నెల గడువు దగ్గరపడేసరికి ఇద్దరు ముసలమ్మల మధ్య మాట తేలక నాకు తల తిరిగిపోయింది. నాన్న పద్ధతి గుర్తొచ్చింది. ఖమ్మంలో ఆయన చర్చ పెడితే రెండు పక్షాలు ఉండేవి. సగం సమయం కాగానే గంట కొట్టి పక్షాలు మార్పించేవాడు. ఇప్పటిదాకా అవునన్నవాడు కాదనాలి, కాదన్నవాడు అవుననాలి. ఎదుటివాడి మాట నోటితో పలికితే గానీ చెవికి ఎక్కదని ఆయన సిద్ధాంతం. ఒక సాయంత్రం ఇద్దర్నీ మా అరుగు మీద కూర్చోబెట్టాను. గంట లేదు కాబట్టి మూకుడూ గరిటే పెట్టుకున్నాను. వీధి సగం మా వాకిట్లో చేరింది.

మొదటి సగం చెప్పడానికేముంది? అత్త పింఛను వైపు, పెద్దమ్మ కొలువు వైపు. ఇప్పచెట్టు కూడా నాలుగుసార్లు వచ్చింది. నేను మూకుడు మోగించాను.

"ఇప్పుడు అటుది ఇటు, ఇటుది అటు. అత్తా, నేను పనికి ఎందుకు పోవాలో నువ్వు చెప్పు. పెద్దమ్మా, ఎందుకు పోవద్దో నువ్వు చెప్పు."

"నేనెందుకు చెప్త? నాకేమన్న పిచ్చా?" అంది పెద్దమ్మ.

"చెప్పకుంటే ఓడినట్టే" అన్నారు వాకిట్లో వాళ్లు.

ఓడిపోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. పెద్దమ్మే ముందు మొదలుపెట్టింది. ఇంట్లో ఉంటే పిల్ల కళ్ల ముందు ఉంటుందని, ఒక్క గాజు పగిలితే కొట్టువాళ్లు తరిమేస్తారని, పింఛను అంటే పడుకున్నా కాచే చెట్టు అని చెప్పుకుంటూ పోయి, ఆ చెట్టు తనకు రావాల్సిందని గుర్తొచ్చి, "ఇగ నా శాత కాదు" అని ఆగిపోయింది. ముఖం నిజంగా పాలిపోయింది. తన వాదనే తనను భయపెట్టింది.

తర్వాత అత్త. కాసేపు పాప జడ విప్పింది, మళ్లీ అల్లింది.

"ఎందుకు పోవాలెనంటే..." అంది. "నా పిల్లగాని తండ్రి పోయిన్నాడు నాకు పింఛను లేదు, కార్డు లేదు. తునికాకుకు పోతి. కొమ్మకు ఊయల గట్టి పిల్లగాన్ని పండవెడితి. ఆకు ఏరుకుంట ఏరుకుంట దూరం పోయి, మల్లొచ్చి సూస్తే చీమలు పట్టినయి. ఆ యాల్ల నీడ పట్టున కూసోని గాజులు తొడిగే పని ఇస్తనని ఎవలన్న అంటే, ఉరికి పోదును. పిల్లగాన్ని సూసే ముసల్ది ఒకతి ఇంట్ల ఉంటే, ఎనక్కి సుత సూడకుంట పోదును."

 అత్తకు తను ఏమందో అప్పుడు తెలిసినట్టుంది. "గిది ఉత్తగ అన్న. అటు పక్క చెప్పుమంటే చెప్పిన. నా మాట పింఛనే!" అని గట్టిగా అరిచి లోపలికి పోయింది. చర్చలో ఎవరు గెలిచారో తేల్చమని వీధి నన్ను అడిగింది. నేను మూకుడు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను.

ఆ తర్వాత పింఛను రోజు వచ్చింది. ఆ రోజు బీబీని అడిగి మధ్యాహ్నమే బయల్దేరి, జీపులో గాజులు తీసి సంచిలో వేసుకుందామనుకున్నాను. రోజూ వేసుకునేవి వదులు గాజులు, జారిపోయేవి. ఆ పొద్దున మాత్రం ఒక పెళ్లివారి గుంపు వచ్చింది. పెళ్లికూతురు రాలేదు, ఆమెది చిన్న చెయ్యి. ఆ కొలత గాజులు చేతి మీద ఎలా ఉంటాయో చూపించమని పట్టుబట్టారు. బీబీ నా రెండు చేతులూ పట్టుకుని, సబ్బునీళ్లు రాసి, నా కొలతకు తక్కువ గాజులను డజన్ల కొద్దీ ఎక్కించేసింది. పెళ్లివారు మురిసిపోయి కొన్నారు. తియ్యబోతే నా గాజులు రాలేదు.

"జల్దీ ఏముంది, రెండు రోజులైతే చెయ్యి సన్నబడ్తది" అంది బీబీ.

జీపులో దారి పొడుగునా లాగాను. చెయ్యి వాచింది, గాజు కదల్లేదు. పంచాయతీ ఆఫీసు దగ్గర దిగేసరికి అత్త పాపను చంకనేసుకుని గడప దగ్గర కాచుకుని ఉంది. పెద్దమ్మ అప్పటికే వరుస పక్కన మెట్టు మీద కూర్చుని ఉంది, ఏ నెలకానెల తన పేరు పిలుస్తారేమోనని. అత్త నా చేతులు చూసి గుండె బాదుకుంది.

"గిదేం యేసం! పెండ్లి పిల్ల లెక్క వస్తివి! తియ్యి!"

"రావట్లేదత్తా."

చేతిపంపు దగ్గర బట్టలు ఉతికేవాళ్ల సబ్బు తెచ్చారు. ఆముదం తెచ్చారు. వరుసలోని వితంతువులందరూ తలా ఒక సలహా ఇచ్చి, తలా ఒక వేలు లాగారు. లోపల గుమాస్తా నా పేరు పిలిచాడు. అత్త పాపను దింపి, కింద నుంచి ఒక రాయి తీసుకుంది.

"చెయ్యి మెట్టు మీద పెట్టు. పగలగొడ్త."

పెద్దమ్మ దిగ్గున లేచింది. "వద్దు! గాజులు పగలగొడ్తవా? పిల్ల చేతికి నిండుగ ఉన్నయి! గట్లనే పోనియ్యి లోపలికి! గట్లనే పోవాలె!" ఊళ్లో ఏ చావు జరిగినా గాజులు తీయించడానికి ముందుండే మనిషి ఆమె. ఇప్పుడు నా గాజులకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

నేను చెయ్యి వెనక్కి లాక్కోవాలా, మెట్టు మీద పెట్టాలా? అర్థం లేని వస్తువు అని సూత్రం చెప్పుకున్నాను కదా. పగిలితే ఏమవుతుంది? అయినా నా చెయ్యి కదల్లేదు. బొట్టు గోటితో తీస్తే ఊరుకున్న నేను రాయి ముందు చెయ్యి చాపలేకపోయాను. ఇది సర్కారు పెట్టిన షరతో, మా ఆయన పోయినప్పుడు వచ్చి టీ తాగి వెళ్లిన ఆడవాళ్లు మళ్లీ వచ్చారో నాకు తెలియలేదు.

అత్త రాయి ఎత్తింది. ఎత్తినది ఎత్తినట్టే ఉంది. పాప నోరు తెరుచుకుని చూస్తోంది.

"నాయి గోదావరి ఒడ్డున పగలగొట్టిండ్రు" అంది అత్త, ఎవరితోనో అన్నట్టు. "చెయ్యి తెగింది. నా కొడుకు పోయిన్నాడే నీకు ఆ గతి పట్టలే. పింఛనుకు పగలగొడ్తనా?" రాయి పక్కకు విసిరింది. "పోతె పోనీ. పా, గట్లనే పా."

నేను గాజులతో, బొట్టుతో లోపలికి వెళ్లాను. వెనక అత్త, పాప, ఆ వెనక ఆశతో పెద్దమ్మ. మిగతావాళ్లు కిటికీలో.

"నేను భద్రాచలంలో గాజుల కొట్టులో జీతానికి పనిచేస్తున్నాను" అన్నాను. "నా పింఛను ఉంటుందా, పోతుందా?"

గుమాస్తా తల గోక్కున్నాడు. "మళ్ల పెండ్లి గిట్ల అయ్యిందా మేడం?"

"లేదు."

"మరెందుకు పోతది? మనిషన్న పోవాలె, మళ్ల పెండ్లన్న గావాలె. గవి రెండే. గాజుల కొట్ల జీతంతోని ఎవలు సావుకారులైండ్రు? మీ బియ్యం కార్డుకు సుత ఏం గాదు."

"ఇట్ల పని చేస్తే తీసేస్తరంట గద!" అని పెద్దమ్మ అరిచింది.

"ఎవలన్నరు పెద్దమ్మా?"

పెద్దమ్మ చుట్టూ చూసింది. ఎవరన్నారో ఆమెకు గుర్తులేదు.

"మరి నెలనెలా నా బొట్టు ఎందుకు తీయించారు?" అని అడిగాను.

"నేనెక్కడ తీయించిన?" గుమాస్తాకు నిజంగానే బాధ కలిగింది. "బొట్టున్నది గద అన్న, అంతే. మీ అత్తనే గీకింది. నేను మీ ఇంటి పద్ధతేమో అనుకున్న."

పెద్దమ్మ ఆ రోజు మా ముఖం చూడకుండా వెళ్లిపోయింది. మర్నాడు నేను జీపు కోసం నిలబడితే, "పిల్లను ఇడిసిపెట్టి ఊరేగుతాంది సూడు" అని తన కోడళ్లతో చెప్పింది. మహిళా హక్కులు అక్కడితో ముగిశాయి. తర్వాతి ఏళ్లలో పింఛన్లు పెంచినప్పుడు ఆమెకూ వచ్చింది, ఎవరూ చావకుండానే.

ఇంక మిగిలింది అసలు చిక్కు. నెల గడువు అయిపోయింది. పాపను ఎవరు చూడాలి? నేను బాగా ఆలోచించి, ఒక పొద్దున పింఛను డబ్బు తెచ్చి అత్త ముందు పెట్టాను.

"ఇది ఇక నెలనెలా నీదే. పాపను చూస్తున్నందుకు నీ జీతం. పిల్లను పెంచడం పని. పనికి కూలి ఉండాలి."

అత్త ఆ డబ్బును పాముని చూసినట్టు చూసింది. "నా మనవరాలిని నేను సూసుకుంటే నాకు కూలా? నేను పనిమనిషినా? రేపు అన్నం పెడితే లెక్క రాస్తవా? తల్లిదండ్రులు నీకు గిదేనా నేర్పింది!" అని ఇల్లు ఎగిరిపోయేలా తిట్టింది. తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. పాపను మాత్రం చూసింది, డబ్బు ముట్టుకోలేదు. నేను పనికి పోయి వస్తూనే ఉన్నాను, ఆ డబ్బు గూట్లో అలాగే పడి ఉంది.

ఒక సాయంత్రం అన్నం తింటూ ఉంటే, కంచం వైపు చూస్తూ అంది.

"కూలి అంటే, సెలవు సుత ఉంటదా?"

"ఉండాలి" అన్నాను.

"తునికాకు కాడ సెలవు లేకుండె. కొడుకును పెంచిన్నాడు లేకుండె. వారానికి ఒకనాడు ఇస్తే సూస్తా. ఆనాడు నన్ను ఏం అడగద్దు."

ఆదివారం ఇద్దామంటే కొట్లో గిరాకీ ఎక్కువ. శుక్రవారం గాజులు వేయించుకోవడానికి మంచి రోజని ఆడవాళ్లు విరగబడతారు. చివరికి బీబీయే దారి చూపింది. మంగళవారం మంచిది కాదని ఎవరూ గాజులు తొడిగించుకోరు. పదేళ్లుగా నేను వారాల పిచ్చిని ఖండిస్తూ వచ్చాను. ఇప్పుడు మంగళవారం మీద జనానికున్న భయమే నాకు వారానికో సెలవైంది, మా అత్తకు జీవితంలో మొదటి సెలవైంది. ఆ వారం నుంచి ఏ గిరాకీతోనైనా వాదన వస్తే, మంగళవారం జోలికి పోకుండా జాగ్రత్తపడ్డాను.

మొదటి మంగళవారం అత్త తెల్లారకముందే స్నానం చేసి, పెట్టెలోని చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఎక్కడికైనా పోతుందేమోనని చూశాను. ఎక్కడికీ పోలేదు. సెలవంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. వీధిలో పోయేవాళ్లను పిలిచి, "ఇయ్యాల నాకు సెలవు" అని చెప్పింది. "ముసల్దానికి సెలవేందే!" అని వాళ్లు నవ్వితే, "ఏం, మీ మొగోళ్లకు లేదా?" అంది.

పాప నా దగ్గర ఉండలేదు. పరుగెత్తుకుని పోయి అత్త ఒళ్లో ఎక్కబోయింది. అత్త చేతులు పైకెత్తేసింది.

"పో, మీ అమ్మ కాడికి పో. ఇయ్యాల నేను పన్ల లేను."

పాప ఆమె కాళ్ల దగ్గరే కూర్చుని ఏడుపు మొదలుపెట్టింది. అత్త కాసేపు గోడ వైపు చూసింది, కాసేపు అడవి వైపు చూసింది. తర్వాత పాపను ఎత్తి ఒళ్లో వేసుకుని, ఇంట్లో ఉన్న నాకు వినపడేలా గట్టిగా చెప్పింది.

"గిది కూలి లెక్కల రాదు పిల్లా. ఇప్పుడే చెప్తున్న."